45 పౌండ్ల లాంగ్‌బో నుంచి 110 పౌండ్ల వార్‌బోకి వెళ్లొచ్చా? అసలు ఈ రెండింటికీ తేడా ఏంటి?

లీడ్స్_సుబ్బు (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. ఏడాదిన్నరగా ఇక్కడి క్లబ్బులో లాంగ్‌బోతో బాణాలు వేస్తున్నా. నా విల్లు మీద 45@28 అని రాసి ఉంటుంది, అంటే నారిని 28 అంగుళాల దాకా లాగితే 45 పౌండ్ల బలం.

క్లబ్బులో ఒక పెద్దాయన వయసు మీదపడి మానేస్తున్నారు. తన వార్‌బో అమ్మేస్తానన్నారు. దాని మీద 110@32 అని ఉంది. కొత్తది చేయించుకుంటే అయ్యే ఖర్చులో మూడో వంతే చెప్పారు. చూడటానికి నా విల్లులాగే ఉంది, కాస్త పొడుగు, కాస్త లావు. తేడా అంతే అయితే ఆరు నెలలు జిమ్‌కి వెళ్లి లాగేయొచ్చు కదా అని నా ఆశ. ఆయన మాత్రం నవ్వి, "దీన్ని పెద్ద లాంగ్‌బో అనుకుని కొనకు" అన్నారు. ఎందుకో చెప్పలేదు.

కొనమంటారా? ఎన్ని పౌండ్ల నుంచి వార్‌బో అంటారు?

గేమర్_కార్తీక్

సింపుల్ బ్రో. 80 దాటితే వార్‌బో, లోపు అయితే లాంగ్‌బో. కొనేయ్, ఫొటో పెట్టు.

చేవకర్ర

కార్తీక్, ఆ 80 ఎక్కడిది? అలా గీత గీసిన శాస్త్రం ఏదీ లేదు.

నేను ఒహాయోలో గ్యారేజీలో విల్లులు చేస్తుంటా. నా దగ్గర 85 పౌండ్ల లాంగ్‌బో ఒకటి ఉంది, దాన్ని నేను వార్‌బో అనను. 70 పౌండ్లది ఇంకోటి ఉంది, అది చిన్న వార్‌బోనే అంటా. బరువు ఒక్కటే చూస్తే ఈ మాట అర్థం కాదు. రెండూ చేసిన తీరే వేరు.

సుబ్బు గారూ, మీ 45 పౌండ్ల విల్లు నారి ఎక్కించి ఒకసారి పక్కనుంచి చూడండి. లాగినప్పుడు మధ్యలో, పిడి దగ్గర, అది దాదాపు వంగదు. పైన కింద లింబులే, అంటే విల్లు చేతులే, వంగుతాయి. అది విక్టోరియా కాలం నాటి విలువిద్యలో స్థిరపడ్డ పద్ధతి. పెద్దమనుషులు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు గడ్డి మైదానంలో గురి చూసుకునే ఆటకి చేసుకున్న విల్లు అది. పిడి కదలకపోతే చేతికి కుదుపు తక్కువ, గురి బాగా కుదురుతుంది. గడ్డం దాకా లాగితే చాలు, 28 అంగుళాలు సరిపోతుంది.

వార్‌బోలో పిడి అంటూ వేరే ఉండదు. తోలు చుట్టరు, బాణం ఆనడానికి మెట్టు ఉండదు, బాణం చేతి మీదనుంచే పోతుంది. లాగితే ఈ చివర నుంచి ఆ చివర దాకా, మధ్య భాగంతో సహా, చక్రంలో ముక్కలా వంగాలి. లాగడం చెవి దాకా లేదా చెవి దాటి. 30 నుంచి 32 అంగుళాలు. అంత దూరం లాగితే చెక్క విరగకుండా ఉండాలి కాబట్టే పొడుగు ఎక్కువ, ఆరున్నర అడుగులు అటూ ఇటూ.

మీ పెద్దాయన నవ్వింది అందుకే అనుకుంటా.

బెజవాడ_బాణం

తమ్ముడూ, పై ఆయన చెప్పింది బాగుంది. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతా. నీ డ్రా లెంత్, అంటే నువ్వు నారిని లాగే దూరం, ఎంత? 28 అని విల్లు మీద ఉండటం వేరు, నువ్వు 28 లాగడం వేరు.

డ్రా వెయిట్ అంటే విల్లు బరువు కాదని నీకు తెలుసు. నారిని ఫలానా అంగుళాల దాకా లాగి పట్టుకున్నప్పుడు వేళ్ల మీద పడే బలం. @ తర్వాత ఉన్న అంకె చూడకుండా ముందున్న అంకె చదివితే మోసపోతాం. ఒక సన్న కర్ర తీసుకుని నారికి ఆనించి లాగు, పక్కనెవరినైనా విల్లు అవతలి అంచు దగ్గర గుర్తు పెట్టమను. తర్వాత సూట్‌కేసులు తూచే లగేజీ స్కేలు ఉంటుందిగా, దాని కొక్కెం నారికి తగిలించి ఆ గుర్తు దాకా లాగు. వచ్చిన కిలోల్ని 2.2తో హెచ్చించు. అదీ నీ అసలు లెక్క.

లీడ్స్_సుబ్బు

అన్నా, ఇప్పుడే చేశా. మా ఆవిడ గుర్తు పెట్టింది. నేను లాగేది 26న్నర. స్కేలు మీద 18.9 కిలోలు, అంటే దాదాపు 41న్నర పౌండ్లు! ఏడాదిన్నరగా అందరికీ 45 అని చెప్పుకుంటున్నా.

బెజవాడ_బాణం

అందరిదీ అదే కథ, ఫీలవకు. నీ విల్లుకి అంగుళానికి రెండున్నర పౌండ్లు అటూ ఇటూ మారుతుంది. ఆ వార్‌బోకి అంగుళానికి నాలుగు పైనే పడుతుంది. అంటే 110@32 అన్నది 28 దగ్గర 92, 93 ఉంటుంది. నీ 26న్నర దగ్గర 86, 87. నువ్వు ఇప్పుడు లాగుతున్నదానికి అదే రెట్టింపు. ఇక చెవి దాకా లాగితే 110. ఎంతో తెలుసా? 50 కిలోలు. సిమెంటు బస్తా.

మా విజయవాడ ఆర్చర్లనే తీసుకో. ధీరజ్ బొమ్మదేవర లాంటి ఒలింపిక్ స్థాయి రికర్వ్ (కొసలు ముందుకి వంపు తిరిగిన విల్లు) మగవాళ్లు వాడేది సాధారణంగా 45-50 పౌండ్ల దగ్గర. 70 మీటర్లకి అది చాలు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు కొట్టిన జ్యోతి సురేఖది కాంపౌండ్, కొసల్లో చక్రాలుండే విల్లు. అందులో అంతర్జాతీయ పోటీలకి గరిష్ఠం 60 పౌండ్లు. పైగా చక్రాల వల్ల చివరికొచ్చేసరికి చేతి మీద అందులో నాలుగో వంతు, ఐదో వంతే మిగులుతుంది. ప్రపంచ స్థాయి గురికి ఇంత చాలు. 110 అనేది గురి కోసం కాదు మరి.

గేమర్_కార్తీక్

మరి దేనికి? బలం ఎక్కువైతే బాణం వేగంగా పోతుందనేగా?

ఫిజిక్స్_మాస్టారు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు కార్తీక్. వేగం పెద్దగా పెరగదు.

కర్ర విల్లులో లాగే కొద్దీ బలం దాదాపు సమానంగా పెరుగుతూ పోతుంది. కాబట్టి అందులో దాగే శక్తి సుమారుగా, చివరి బలం ఇంటూ లాగిన దూరం, అందులో సగం. 160 పౌండ్లంటే 712 న్యూటన్లు. నారి ఉన్న చోటు నుంచి 24 అంగుళాలు లాగితే 0.61 మీటర్లు. వెరసి 217 జౌళ్లు. ఇంగ్లండ్‌లో 2019లో కవచం మీద బాణాలు వేసి చూసిన ఒక పరీక్ష జరిగింది. అందులో 160 పౌండ్ల విల్లు నుంచి 80 గ్రాముల బాణం సెకనుకు 55 మీటర్ల వేగంతో వెళ్లింది. అంటే బాణంలో 121 జౌళ్లు. మిగతాది విల్లు చేతులు కదలడానికి, కుదుపుకి, చప్పుడికి పోయింది.

ఇప్పుడు 50 పౌండ్ల లాంగ్‌బో, 30 గ్రాముల బాణం తీసుకోండి. వేగం సెకనుకు 50 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 37 జౌళ్లు. వేగంలో తేడా ఐదు మీటర్లు, మోసుకెళ్లే శక్తిలో మూడు రెట్లు పైన. వార్‌బో చేసే పని వేగం పెంచడం కాదు. బరువైన బాణాన్ని మామూలు వేగంతోనే దూరం పంపడం. తేలిక బాణం గాలిలో త్వరగా అలసిపోతుంది, బరువైనది పోదు.

అదే 160 పౌండ్ల విల్లుకి 30 గ్రాముల బాణం పెడితే? వేగం కాస్త పెరుగుతుంది కానీ శక్తి ఎక్కువ భాగం విల్లులోనే ఉండిపోయి దాన్నే విరిచేస్తుంది. బాణం లేకుండా నారి వదిలినట్టే. ఎవరూ చేయకండి.

గేమర్_కార్తీక్

మాస్టారూ, ఆ పరీక్షలో కవచం చిల్లు పడిందా లేదా? అది చెప్పకుండా వెళ్లిపోతే ఎలా?

ఫిజిక్స్_మాస్టారు

ఛాతీ మీద ఉక్కు పలకకి పడలేదు. బాణాలు పగిలి ముక్కలు చుట్టూ ఎగిరాయి. పలక లేని చోట్ల సంగతి వేరు.

పోర్ట్స్‌మౌత్_పద్మ

ఈ థ్రెడ్ ఇప్పుడే చూశాను. మేరీ రోజ్ ఓడ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మా ఇంటి నుంచి ఆ మ్యూజియం బస్సులో పావుగంట. మా ఇంటికొచ్చిన చుట్టాలందరినీ తీసుకెళ్లి చూపిస్తా, ఇప్పటికి ఎనిమిది సార్లయింది.

సుబ్బు గారూ, అసలు వార్‌బో బరువుల మీద ఇప్పుడు జరిగే వాదనంతా ఆ ఓడతోనే మొదలు. ఎనిమిదో హెన్రీ రాజు యుద్ధనౌక. 1545 జూలై 19న ఇక్కడే, పోర్ట్స్‌మౌత్ ఎదురుగా సముద్రంలో మునిగింది. 1982 అక్టోబర్‌లో పైకి తీశారు. 437 ఏళ్లు బురదలో కప్పబడిపోయి ఉండటంతో చెక్క పాడవలేదు. అందులో 172 యూ (yew అనే చెట్టు) కర్ర విల్లులు, 3,500 పైన బాణాలు దొరికాయి. పెట్టెల్లో సర్దినవి సర్దినట్టే. పొడుగు 1.87 మీటర్ల నుంచి 2.11 దాకా.

అద్దం వెనక చూస్తే వాటిలో ఆర్భాటం ఏమీ కనపడదు. మా అత్తగారు మొదటిసారి చూసి "ఇవా? దుడ్డుకర్రల్లా ఉన్నాయి" అన్నారు. నిజమే, మధ్యలో నా మణికట్టంత లావు. పట్టు లేదు, నగిషీ లేదు. బాణాలూ అంతే, అర అంగుళం లావు, ఎక్కువ శాతం పాప్లర్ కర్ర. నేను ప్రతిసారీ ఆగేది వాటి దగ్గరే. మన క్లబ్బుల్లో వాడే బాణాలు వాటి పక్కన పుల్లల్లా ఉంటాయి.

అంతకుముందు చాలామంది ఆ కాలపు విల్లులు 80, 100 పౌండ్లు ఉంటాయేమో అనుకునేవారట. దొరికిన విల్లుల్లో కొన్నిటికి నారి ఎక్కించి చూశారు. కణాలు చచ్చిన చెక్క కదా, ఊహించినదానికన్నా మెత్తగా లాగబడ్డాయి. అందుకని కొలతల్ని బట్టి కంప్యూటర్ లెక్కలు వేశారు, అవే కొలతలతో కొత్త యూ కర్రతో చేసి చూశారు. 30 అంగుళాల దగ్గర 100 నుంచి 185 పౌండ్ల దాకా వచ్చాయి. చాలామంది నమ్మలేదు. 185 అంటే 84 కిలోలు మరి. తర్వాత ఇప్పటి మనుషులే సాధన చేసి 150, 160 లాగి చూపించాక ఆ నోళ్లు మూతపడ్డాయి.

అంటే మేరీ రోజ్‌లో అతి తేలికైనది కూడా మీరు కొందామనుకుంటున్న దానికి దగ్గరగా ఉంది. ఆ లెక్కలో మీ 110 పిల్ల వార్‌బో.

కోఠి_కిరణ్

పిల్ల వార్‌బో అని ఉసిగొల్పకండి మేడమ్, నా భుజం ఇంకా నొస్తుంది.

సుబ్బు భయ్యా, నా సంగతి విను. నేనుండేది మెల్‌బోర్న్. 40 నుంచి సీదా 75కి పోయిన. జిమ్‌లో బరువులు బాగనే ఎత్తుతుంటి, ఇదెంత అనుకున్న. మొదటి వారం ఏం గాలే. రెండో వారం ఒక బాణం సగం లాగినంక చెయ్యి వణికింది. దింపకుండ జోరుగ గుంజిన. లోపల ఎవరో పాత గుడ్డ చింపినట్టయింది. నొప్పి వెంటనే రాలే. రాత్రి షర్ట్ విప్పుదామంటె చెయ్యి లేవలే. ఏడు నెలలు ఫిజియో దగ్గరికి తిరిగిన. పైనున్న షెల్ఫ్‌ల చాయ్ పత్తా డబ్బా తీసుడు గూడ మా చెల్లె చేసింది.

జిమ్ కండలు వేరు, ఇది వేరు. భుజం లోపల చిన్న చిన్న కండరాలుంటయి, వాటికి టైమ్ పడ్తది.

పోర్ట్స్‌మౌత్_పద్మ

అయ్యో కిరణ్! ఉసిగొల్పలేదు బాబూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నిజానికి ఆ ఓడలో దొరికిన ఎముకలు కూడా ఇదే చెబుతాయి. భుజం పైన ఒక ఎముక కొస పెద్దయ్యేసరికి అతుక్కుపోవాలి. ఆ నావికుల్లో చాలామందికి అది అతుక్కోలేదు, మామూలు జనంలో కన్నా ఎక్కువ మందికి. చిన్నప్పటి నుంచి బరువైన విల్లులు లాగడం వల్లే కావచ్చని పరిశీలించినవాళ్ల అభిప్రాయం.

చేవకర్ర

చిన్నప్పటి నుంచి అన్నారు కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. హ్యూ లాటిమర్ అని ఒక మాజీ బిషప్, 1549లో ఆరో ఎడ్వర్డ్ రాజు ముందు ప్రసంగిస్తూ తన చిన్నతనం చెప్పాడు. వాళ్ల నాన్న విల్లు లాగడం నేర్పాడట. వేరే దేశాలవాళ్లలా చేతుల బలంతో కాదు, ఒంటి బరువంతా విల్లులో పెట్టి లాగమన్నాడట. వయసుకీ బలానికీ తగిన విల్లు కొనిచ్చేవాడట, ఒళ్లు పెరిగేకొద్దీ విల్లు పెద్దది చేసేవాడట.

సుబ్బు గారు అడిగిన తేడా ఇక్కడ ఉంది చూడండి. లాంగ్‌బోలో నిటారుగా నిలబడి, విల్లు చేయి చాచి, రెండో చేత్తో నారిని వెనక్కి తెస్తాం. వార్‌బో అలా లాగలేం. నడుము దగ్గర కాస్త ముందుకి వంగి, విల్లుని కిందనుంచి పైకి తెస్తూ, రెండు భుజాల మధ్య దూరి తెరుచుకున్నట్టు లాగాలి. విల్లుని ముందుకి తోయడం, నారిని వెనక్కి లాగడం రెండూ ఒకేసారి. పని చేసేది వీపు. చెవి దగ్గరికి రాగానే వదిలేయాలి, పట్టుకుని గురి చూసుకునే వ్యవహారం లేదు.

బెజవాడ_బాణం

"ఆకర్ణాంతం లాగి వదిలాడు" అని మన పురాణాల్లో ఊరికే రాయలేదన్నమాట! హరికథలో వంద సార్లు విన్నా, అలంకారం అనుకున్నా. చెవి దాకా లాగడమంటే యుద్ధానికి లాగడం.

గేమర్_కార్తీక్

అయితే శివధనుస్సు ఎన్ని పౌండ్లు అన్నా? ఎక్కుపెట్టేసరికే విరిగిందంటే టిల్లరింగ్ (విల్లు సమంగా వంగేలా చెక్కడం) సరిగ్గా లేదా?

మోడరేటర్

కార్తీక్, ఆ దారిలో వెళ్తే థ్రెడ్ మూసేయాల్సి వస్తుంది. :) విషయానికి రండి.

ఫిజిక్స్_మాస్టారు

విషయంలోనే ఒక మన సంగతి. అలెగ్జాండర్ సేనాని నియార్కస్ భారతీయ విలుకాళ్ల గురించి రాసినదాన్ని ఏరియన్ అనే గ్రీకు రచయిత ఉటంకించాడు. విల్లు మనిషంత పొడుగు, ఒక కొస నేలకి ఆనించి ఎడమకాలితో తొక్కిపట్టి లాగుతారు, ఆ బాణానికి డాలూ ఆగదు, కవచమూ ఆగదు అని. అతిశయోక్తి కొంత ఉండొచ్చు. అయినా బరువైన విల్లు, బరువైన బాణం అన్న ఆలోచన ఇంగ్లండ్ వాళ్ల సొంతం కాదు.

నల్లమల_నాని

మా వైపు చెంచుల విల్లులు వెదురువి. నేను లాగి చూశా, తేలిగ్గానే ఉంటాయి. పొదల చాటున దగ్గరకి పోయి కొట్టే వేటకి బరువు ఎందుకు? శబ్దం లేకపోవడం ముఖ్యం.

గేమర్_కార్తీక్

సరే సీరియస్ ప్రశ్న. ఆ కాలంలో వాళ్లు వార్‌బో అనేవారా?

పోర్ట్స్‌మౌత్_పద్మ

అనేవారు కాదు. ఉత్త "విల్లు" అనేవారు. లాంగ్‌బో అన్న మాట కూడా క్రాస్‌బో నుంచి వేరు చేయాల్సొచ్చినప్పుడే. 1448 ప్రాంతంలో మార్గరెట్ పాస్టన్ అనే ఆవిడ భర్తకి రాసిన ఉత్తరం ఉంది. ఇంటి మీదికి శత్రువులు వచ్చేలా ఉన్నారు, క్రాస్‌బోలు పంపించు, మన ఇళ్లు ఎంత పొట్టివంటే లాంగ్‌బోతో లోపలినుంచి ఎవరూ వేయలేరు అని. ఆరడుగుల పైన విల్లు, దూలం కింద నిలబడి ఎలా లాగుతాం? పాపం.

వార్‌బో మనకాలం మాట. విక్టోరియా కాలపు ఆటవిల్లుకి లాంగ్‌బో పేరు స్థిరపడిపోయాక, పాతదానికి ఇంకో పేరు కావాల్సి వచ్చింది.

చేవకర్ర

అవును. పాత కాలం లెక్కలో ప్రతి వార్‌బో లాంగ్‌బోనే. ఇప్పటి క్లబ్బు లెక్కలోనే రెండూ వేరు. బ్రిటిష్ లాంగ్-బో సొసైటీ నియమం చూడండి, ఎక్కడా మందం వెడల్పులో ఎనిమిదింట ఐదు వంతులకి తగ్గకూడదు అంటుంది. పౌండ్ల ఊసే లేదు. అమెరికాలో ఇంకో తిరకాసు. ఇక్కడ లాంగ్‌బో అని అమ్మేవి చాలావరకు బల్లపరుపు లింబులవి, బాణానికి మెట్టు కోసినవి. అదో మూడో జాతి.

యూ కర్ర ఎందుకో కూడా చెప్పేస్తా, ఇది నాకు ఇష్టమైన భాగం. విల్లు వంగినప్పుడు టార్గెట్ వైపు సాగుతుంది, మన వైపు నలుగుతుంది. యూ చెట్టులో చేవ నలుగుడుని ఓర్చుకుంటుంది, దాని మీద చేవ కట్టని తెల్ల చెక్క సాగుడుని ఓర్చుకుంటుంది. రెండూ కలిసొచ్చేలా దుంగని చీల్చితే, అతికించకుండానే రెండు పొరల విల్లు. ఇంగ్లండ్ యూ చాలక బయటి నుంచి తెప్పించుకున్నారు. 1472లో ఏకంగా చట్టం చేశారు, దిగే ప్రతి టన్ సరుకుకీ నాలుగు విల్లు కర్రలు తేవాల్సిందే అని. ఎనిమిదో హెన్రీ కాలంలో 1541 చట్టం ఇంకోటి, 24 ఏళ్లు దాటినవాళ్లు దూరం పోయే తేలిక బాణాలతో 220 గజాల లోపు గురి పెట్టుకోకూడదు. మన లెక్కలో 200 మీటర్లు. బెజవాడ అన్న చెప్పిన 70 మీటర్లు అప్పట్లో పిల్లకాయల ఆట.

సుబ్బు గారూ, మీకు నా సలహా. 110 ఇప్పుడు వద్దు. పైగా వాడకుండా మూల పెట్టడానికీ వద్దు. దొరికితే 55, 60 పౌండ్లలోనే 32 అంగుళాలకి టిల్లర్ చేసింది, మధ్యలో వంగేది చూసుకోండి. లాగే పద్ధతి దాని మీద నేర్చుకుని తర్వాత ఐదు, పది చొప్పున పెంచండి. క్లబ్బు వాళ్లని కూడా అడగండి, బరువు బాణాలు వాళ్ల టార్గెట్లని ఛిద్రం చేస్తాయని చాలాచోట్ల ఒప్పుకోరు.

లీడ్స్_సుబ్బు

(మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. వెళ్లి చూశా. పెద్దాయన పక్కనే నిలబడి, బాణం పెట్టకుండా, వదలొద్దు అని మరీ మరీ చెప్పి లాగనిచ్చారు. మొదటి జానెడు బానే వచ్చింది. తర్వాత గోడకి కట్టిన తాడు లాగినట్టుంది. నారి నా ఛాతీ దాకా కూడా రాలేదు, మెల్లగా దించేశా. వేళ్ల మీద గీత సాయంత్రం దాకా పోలేదు.

కొనలేదు. చేవకర్ర గారు చెప్పిన మాట ఆయనకి చెబితే కారు డిక్కీలోంచి ఇంకోటి తీశారు. ఆయన మొదలుపెట్టిన విల్లట, 60@32. ఏడాది వాడుకుని ఇచ్చేయమన్నారు. ఇంట్లో స్కేలు పెట్టి చూశా, ఇప్పుడు నేను 29 లాగగలుగుతున్నా, 53 పౌండ్లు. నెమ్మదిగా చెవి దాకా తెస్తా. ఆదివారం గ్రౌండ్‌కి తీసుకెళ్తున్నా. నా పాత బాణాలే వాడొచ్చు కదా?

చేవకర్ర

ఆగండి! ఆ బాణాలు ఎంత పొడుగు?

లీడ్స్_సుబ్బు

ములికి వదిలేసి 28.

బెజవాడ_బాణం

తమ్ముడూ, 28 బాణం పెట్టి చెవి దాకా లాగితే ములికి విల్లు దాటి ఇటొచ్చేస్తుంది. వదిలితే విల్లుకైనా తగులుతుంది, లేదా నీ ఎడమ చేతిలో దిగుతుంది. 33 అంగుళాల బాణాలు చేయించుకునేదాకా ముట్టుకోకు.

లీడ్స్_సుబ్బు

అమ్మో. అంబులపొదిలో సర్దేసి గుమ్మం దగ్గర పెట్టా అన్నా. తీసేస్తున్నా.